రామములగ బొంబాయి చేరిన కథ, చైత్రమాసంలో దాని సంరక్షణ

సంవత్సరాది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసినదని సంఘం కార్యవర్గంవారు కోరినప్పుడు, కాకతీయులను గూర్చియో కృష్ణదేవరాయలను గూర్చియో వ్రాస్తామని వారనుకొని ఉంటారు. ఆ మహనీయుల చరిత్ర వ్రాయడానికి మాకన్న పెద్ద చదువులు చదివినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తాగిరీ చేసికొనే మావంటివారికి అందుబాటులో ఉన్న చరిత్ర వంటింటిలోనూ, చాల్ గ్యాలరీలోనూ ఉన్నది. కాబట్టి మేము టమాటా చెట్టును గూర్చి వ్రాస్తున్నాము. నవ్వదలచిన పాఠకులు ఇక్కడే నవ్వుకొని, ముందుకు చదువ ప్రార్థన.

ఉగాదికీ టమాటాకూ సంబంధమేమని అడుగుతారు. నిజమే, ఉగాది పచ్చడిలో దానికి చోటు లేదు. వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు, కొత్త బెల్లం ఉండగా ఈ పరదేశపు పండు నెవరడుగుతారు? ఐతే ధారావిలోనూ, కామాటిపురాలోనూ, వర్లీ చాళ్ళలోనూ డబ్బాలలో టమాటా పెంచేవారికి ఈ పండుగ ఒక గడువు వంటిది. వినాయక చవితి దాటి వానలు తెరిపి ఇచ్చిన పిమ్మట పోసిన నారు కార్తీకంలో పూతకు వస్తుంది, సంక్రాంతికి కాయలు నిండుతవి, శివరాత్రి దాకా ఇంటికి పులుసుకూ పప్పుకూ కొరత ఉండదు. ఫాల్గుణం వెళ్ళేసరికి చెట్టు ముసలిదవుతుంది. అడుగు ఆకులు పండుబారుతవి, పూత రాలుతుంది, పైన మాత్రం పది పదిహేను పచ్చికాయలు వ్రేలాడుతూ ఉంటవి. పీకి పారవేయవలెనా, ఇంకా నీళ్ళు పోయవలెనా అనే ప్రశ్న సరిగ్గా మనం గుమ్మానికి మామిడాకులు కట్టే వారంలోనే వస్తుంది. దీనికి జవాబు చెప్పబోయే ముందు, ఈ చెట్టు మన గుమ్మం దాకా ఎట్లా వచ్చినదో చెప్పుకోవడం న్యాయం.

దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. దానిని పెరటి పంటగా మచ్చిక చేసి పెద్ద కాయలు కాయించినవారు మెక్సికో ప్రాంతపు ప్రజలు. వారి నహువాటల్ భాషలోని 'తోమాట్ల్' అనే మాటే లోకమంతా తిరిగి మన నోట 'టమాటా' అయింది. 1521లో స్పెయిన్‌వారు ఆ దేశాన్ని జయించిన పిమ్మట గింజలు ఐరోపాకు చేరినవి. 1544లో మత్తియోలీ అనే ఇటలీ వైద్యుడు తన గ్రంథంలో దీనిని పేర్కొన్నాడు. ఐనా ఐరోపాలో చాలాకాలం దీనిని విషపుమొక్కల చుట్టంగానే చూచినారు. చుట్టరికం నిజమే. ఉమ్మెత్త, పొగాకు, వంకాయ, మిరప, బంగాళాదుంప అన్నీ ఒకే కుటుంబం. 1753లో లిన్నేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలో 'తోడేలు పండు' అనే అర్థం దాగి ఉన్నదంటే అప్పటి అనుమానం ఎంతటిదో ఊహించుకోవచ్చును. ఇది పండా, కూరగాయా అనే తగవు అమెరికాలో పన్నుల వ్యాజ్యంగా సుప్రీం కోర్టు దాకా పోగా, 1893లో న్యాయమూర్తులు 'భోజనంతో తింటారు గాని భోజనానంతరం తినరు గనుక కూరగాయే' అనే భావంతో తీర్పు చెప్పినారు. మన ఇంటి ఆడవారు ఏ కోర్టుకూ పోకుండానే ఆ మాట చెప్పగలరు!

మిరపకాయ కూడా అమెరికాదే. పోర్చుగీసువారి ఓడలలో వచ్చి, మన దేశంలో ఇట్టే పాతుకొనిపోయి, ఈనాడు మిరప లేని తెలుగు వంట ఉన్నదంటే నమ్మలేము. మరి టమాటాకు అంత ఆలస్యమెందుకైనది? జార్జి వాట్ అనే దొర 1889 మొదలు 1893 వరకు సంపుటాలుగా వెలువరించిన భారతదేశపు ఆర్థికోత్పత్తుల నిఘంటువులో, టమాటాను ముఖ్యంగా ఐరోపావారి కోసమే పండిస్తున్నారనీ, దేశీయులు ఇప్పుడిప్పుడే రుచి మరుగుతున్నారనీ, బెంగాలీలూ బర్మావారూ పుల్లని కూరలలో వాడుతున్నారనీ వ్రాసినాడు. అంటే మన ముత్తాతల నాటికి ఇది దొరల తోటలోని వస్తువు. కారణం మాకు తోచినంతవరకు చింతపండు. మిరప వచ్చినప్పుడు మన వంటలో కారానికి మిరియం ఒక్కటే దిక్కు, అదీ ఖరీదైనది. పులుపుకు మాత్రం ఊరూరా చింతచెట్టు ఉండనే ఉన్నది. ఖాళీ లేని కుర్చీలో కొత్త గుమాస్తాను ఎవరు కూర్చోబెడతారు?

పేర్లు చూచినా ఈ సంగతి తెలుస్తుంది. బెంగాలీలు దీనిని 'బిలాయతీ బేగున్' అన్నారు. మనవారు 'సీమవంగ' అన్నారు. రెండింటి అర్థమూ ఒక్కటే, పరదేశపు వంకాయ అని. తెలంగాణ పల్లెలలో 'రామములగ' అనీ, 'రామములక్కాయ' అనీ పెద్దవారి నోట వినబడుతుంది. చేల గట్ల మీది ముళ్ళ ములగను పోలి ఉన్నది కాబట్టి ఆ పేరు. దానికి ముందు 'రామ' చేర్చి మన దేవుడికి అప్పగించడం తెలుగువారి పెద్దమనసు. చిత్తూరు వైపు అరవదేశపు పొరుగున 'తక్కాళి' అంటారు. ఇంత ప్రేమగా పేర్లు పెట్టినా, తద్దినపు వంటలో మాత్రం నిష్ఠాపరులు టమాటాను నేటికీ రానివ్వరు. పితృదేవతలు ఎరుగని కూర వారికి పెట్టరాదని. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలోనూ టమాటా, బంగాళాదుంప ఉండవు. మాకిందులో తప్పు కనబడదు. వచ్చి నూటయాభై ఏండ్లయిన అతిథి దేవుని వంటింటి బయట కూర్చుంటే కూర్చోనిద్దాం, మన వంటింటిలో ఎట్లాగూ పెత్తనం దానిదే.

ఇక బొంబాయి తెలుగువారి సంగతి. ఈ నగరానికి మనవారు కూడా దాదాపు ఈ పండువలెనే పరాయివారుగా వచ్చి, పనికివచ్చి, నిలిచిపోయినారు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే గట్టు కట్టి సముద్రపు పోటు నాపిన పిమ్మట, దీవుల మధ్య బురదనేల ఆరి ఇండ్ల స్థలాలుగా మారింది. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యం వైపు నుంచి వచ్చి రాళ్ళు మోసి, సున్నం కలిపి, గోడలు లేపిన తెలుగు కూలీలను 'కామాటీలు' అన్నారు. వారు గుడిసెలు వేసికొన్న పల్లపునేల కామాటిపురా. ఆ పేరు 'కామ్' అనే మాట నుంచి వచ్చిందని కొందరంటారు. మన 'కమతం' నుంచి వచ్చినదేమోనని మాకు తోస్తుంది. కమతం చేసేవాడు ఊరు విడిచి కూలివాడైనా పేరులో పొలం మిగిలి ఉన్నదన్న మాట. ఈ రోజు ఆ పేట పేరు వినగానే జనం వేరే విషయం తలుచుకొని పెదవి విరుస్తారు. ఈ నగరపు పెద్ద కట్టడాలు కట్టిన చేతులు అక్కడివని చెప్పేవారు తక్కువ.

1853లో బోరీబందరు నుంచి ఠాణాకు మొదటి రైలు నడిచింది. 1871లో జి.ఐ.పి. రైలుమార్గం రాయచూరు చేరి మద్రాసు మార్గంతో కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది. అంతకుముందు బండ్లలోనూ కాలినడకనూ వచ్చిన మనవారికి ఇక మూట పట్టుకొని రైలెక్కడమే తరువాయి. పాలమూరు, నల్లగొండ, కరీంనగరం జిల్లాల నుంచి కూలీలు, పద్మశాలి నేతగాండ్రు బట్టల మిల్లులకు వచ్చి చేరినారు. జ్యోతిరావు ఫూలే 1873లో పుణేలో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కారాడీ లింగు వంటి తెలుగువారుండిరి. 1869లో కట్టిన క్రాఫర్డ్ మార్కెట్టుకు నేడు ఆ ఫూలే పేరే ఉన్నది. అక్కడ కూరలు బేరమాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

కూలికి వచ్చినవాడికి గది దొరికింది గాని మట్టి దొరకలేదు. ఇదే ఈ నగరంలో మన తోటపని చరిత్రకు మూలం. కామాటిపురా పూడ్చిన పల్లం. ధారావి మాహిం కాలువ ఒడ్డున బురదనేల. మొదట కోలీ జాలరుల పల్లె, 19వ శతాబ్దం చివరలో తోళ్ళ పరిశ్రమ, ఆపైన సౌరాష్ట్ర కుమ్మరులు, తమిళులు, మనవారు, ఉత్తరాదివారు. ఎవరికివారు చెత్త, రాయి, బూడిద వేసి నేల చేసికొన్నారు. అటువంటి నేలలో మొక్క నాటితే వేరు ఎక్కడ ఏ రసాయనాన్ని తాకుతుందో దేవుడికెరుక. ధారావి ఆనుకొని ఉన్న మహారాష్ట్ర నేచర్ పార్కు కథ తెలిసినవారు ఈ మాట ఒప్పుకొంటారు. 1977 వరకు అది నగరపు చెత్త పోసిన దిబ్బ. 37 ఎకరాలు. దాని మీద మట్టి పరిచి, చెట్లు నాటి, 1994లో వనంగా తెరిచినారు. చెత్త మీద అడవిని నిలపడం గొప్ప పనే, కాని అడవి వేరు, తినే కూర వేరు.

అందువల్ల మనవారి తోట నేల మీద గాక డబ్బాలో మొదలైంది. 1937లో డాల్డా వచ్చింది. ఆ పసుపుపచ్చ డబ్బా ఖాళీ కాగానే, అడుగున మేకుతో చిల్లులు పొడిచి తులసో, పుదీనాయో నాటని చాల్ బొంబాయిలో లేదు. టమాటాకు అది చిన్నది. వేరు ఊరడానికి పదిహేను కిలోల నూనె డబ్బా కావలె, లేదా కుంభార్‌వాడలోని పెద్ద కుండ. మట్టి ఎక్కడిది అంటే, ఊరికి పోయి వచ్చినవారు సంచిలో తెచ్చిన చెరువు మట్టి కొంత, కుమ్మరుల దగ్గర అడిగి తెచ్చిన మన్ను కొంత, మిగతాది వంటింటి తొక్కలు కుళ్ళబెట్టిన ఎరువు. మా చాల్‌లో పాలమూరు మట్టి, కరీంనగరం మట్టి ఒకే డబ్బాలో కలిసి ఉన్నవి. ఆ మట్టిని విడదీయడం ఎవరి తరమూ కాలేదు.

తిండిగింజల కరువు కూడా ఈ తోటలకు ఊపునిచ్చింది. 1942లో బర్మా జపానువారి వశమై బియ్యం రాక నిలిచిపోగా ప్రభుత్వం 'అధికాహారోత్పత్తి' ఉద్యమం మొదలుపెట్టింది. 1943లో బొంబాయిలో రేషను వచ్చింది. స్వాతంత్ర్యానంతరం కూడా ఉద్యమం సాగి, 1952లో వి. టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఒక సంఘం దాని మంచిచెడ్డలు విచారించింది. 1965లో యుద్ధమూ కరువూ ఒకేసారి వచ్చినప్పుడు లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికొక పూట అన్నం మానమన్నారు, ఖాళీ జాగాలో కూరలు పండించమన్నారు. రైల్వేలో అదే పేరుతో ఒక పథకం ఏర్పడి, పట్టాల ప్రక్కని ఖాళీ స్థలాలను చిన్న ఉద్యోగులకు కౌలుకిచ్చినారు. లోకల్ రైలు కిటికీలోంచి పాలకూర, మెంతి, బెండ, ఎర్ర తోటకూర మళ్ళు చూడని ముంబయివాసి ఉండడు. ఆ మళ్ళకు మురికికాల్వ నీరు పెడుతున్నారని పత్రికలు వ్రాసినవి, ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. టమాటా మాత్రం అక్కడ తక్కువ. దానికి ఊతకర్రలు కావలె, కావలి కావలె. ఎర్రబడ్డ కాయ రైలులోనివారికీ కనబడుతుంది, పట్టాలు దాటేవారికీ కనబడుతుంది!

విత్తనాల విషయం త్వరగా ముగిస్తాము. మన పెద్దలు పెంచినది నాటు టమాటా. గీతలు పడి, చప్పిడిగా ఒత్తుకొని, పులుపెక్కువ, రసమెక్కువ, రెండు రోజులకు మించి నిలవదు. ఢిల్లీ పరిశోధనశాల నుంచి 'పూసా రూబీ' వచ్చింది. 1973లో బెంగుళూరులోని ఒక విత్తనాల కంపెనీ 'కర్నాటక' అనే సంకర రకం విడుదల చేసింది. అప్పటి నుంచి గట్టి తోలు, దూరప్రయాణం, గుండ్రని అందం రైతుకు ముఖ్యమైనవి. చారు రుచి చూచినవారికి ఏది పోయినదో తెలుసు. ఐనా సంకర రకాలను తిట్టడం మాకిష్టం లేదు. 2012 ప్రాంతంలో బెంగుళూరు ఉద్యానపరిశోధన సంస్థవారిచ్చిన 'అర్కా రక్షక్' మూడు తెగుళ్ళకు తట్టుకొంటుంది. డబ్బాలో మందు కొట్టజాలని మనవంటివారికి అది వరమే.

బజారు సంగతి. నగరపు కూరగాయల టోకు వ్యాపారం 1996లో బైకల్లా నుంచి వాషికి తరలిపోయింది. నారాయణగాం, నాసిక్ వైపు బుట్టలు ఇప్పుడక్కడే దిగుతవి. మన వైపు మదనపల్లె బజారు దేశంలో పెద్దవాటిలో ఒకటి. 2023 సంవత్సరం టమాటా చరిత్రలో చెప్పుకోదగినది. ఆ మే నెలలో నాసిక్ రైతులు కిలో రూపాయి, రెండు రూపాయలు పలకక పంటను రోడ్డు ప్రక్కన పారబోసినారు. జూలై చివరికి మదనపల్లెలో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. కేంద్రప్రభుత్వమే సహకార సంస్థల ద్వారా కొని తక్కువ ధరకు అమ్మవలసి వచ్చింది. ఎండకు చెడిన పంట, ధర లేక మానుకొన్న సాగు, వాన దెబ్బ, ఈ మూడూ కలిసి తెచ్చిన ఎగుడుదిగుడు అది. ఆ రెండు నెలలు మన ఇండ్లలో చింతపండు మళ్ళీ సింహాసనమెక్కింది. గ్యాలరీలో నాలుగు డబ్బాలున్నంత మాత్రాన ఆ జూలైలో ఎవరూ బాగుపడలేదు, ఎందుకంటే వానాకాలంలో మన డబ్బాలు ఖాళీ. కాని ఎండాకాలం చివరలో నిలవ పచ్చడి పెట్టినవారు ఆ పండుగదినాలలో కొంత గర్వంగా తిరిగినారు.

అందుకే ఇప్పటి ముసలి చెట్టును గూర్చి ఇంత వ్రాస్తున్నాము. "ఏం బిడ్డా, సచ్చే చెట్టుకు నీళ్ళు పోస్తవేంది, పీకరాదు!" అని మా గ్యాలరీలోని ఒక అవ్వ ప్రతి సంవత్సరం అంటుంది. ఆమె ఊళ్ళో ఎకరాల లెక్కన పండించిన మనిషి, ఆమెకు పది కాయలు లెక్కలోనివి కావు. డబ్బా తోటవానికి ఆ పది కాయలే సంవత్సరాది పంట.

మొదట తెలిసికోవలసినది, చెట్టు ఎందుకు ముసలిదవుతున్నది అని. మన దగ్గర ఆ వార్ధక్యం చలివల్ల గాదు, ఎండవల్ల. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి దిగకపోతే టమాటా పుప్పొడి పనికిరాక పూత రాలిపోతుంది. ముంబయి మార్చి నెల ఎంత క్రూరంగా ఉండగలదో 1956 మార్చి 28 చెబుతుంది. ఆ రోజు శాంతాక్రూజ్‌లో 41.7 డిగ్రీలు నమోదైంది. రేకుల కప్పు కింద, ఇనుప డబ్బాలో వేరుకు తగిలే వేడి అంతకన్న ఎక్కువ. కాబట్టి ఉగాది తరువాత పుట్టే పూవు మీద ఆశ పెట్టుకోవడం వృథా. చెట్టు శక్తినంతా ఇప్పటికే పట్టిన కాయలకు మళ్ళించడమే మన పని.

అందుకు తల తుంచవలె. ప్రతి కొమ్మ కొనను, పై కాయగుత్తికి రెండాకులు పైన వదిలి, గోటితో గిల్లివేయాలి. కొత్త పూతను, ఆకు చంకలలో వచ్చే పిలకలను కూడా. చాలామందికి ఇది చేయడానికి చేయి రాదు, పచ్చగా పెరిగేదాన్ని తుంచడమేమిటని. తుంచనిదే కాయ నిండదు. ఆకుల విషయంలో దీనికి విరుద్ధంగా జాగ్రత్త కావలె. పండుబారిన అడుగు ఆకులు, మచ్చలు పడినవి తీసివేయవచ్చు, కాని గాలి కోసమని చెట్టును బోడి చేయరాదు. ఆకు నీడ లేని కాయ ఎండకు ఒక ప్రక్క తెల్లబడి తోలు మాడుతుంది.

నీరు ఈ దశలో అన్నింటికన్న ముఖ్యం. ఒకరోజు మరచి, మరునాడు రెండు బిందెలు పోస్తే కాయ పగులుతుంది. అంతకన్న పెద్ద చిక్కు కాయ అడుగున నల్లగా, అణగినట్టు వచ్చే కుళ్ళు. దానిని తెగులని భయపడి మందుల దుకాణానికి పరుగెత్తేవారున్నారు. అది తెగులు కాదు. నీరు హెచ్చుతగ్గులైనప్పుడు సున్నపు ధాతువు కాయ కొస దాకా చేరక అట్లా అవుతుంది. గుడ్డుపెంకులు పొడిచేసి వేయమంటారు, అవి కరిగి పనిచేసే లోపల సీజను దాటిపోతుంది. ఆ పొడి రాబోయే పంట మట్టిలో కలపండి, ఇప్పుడు మాత్రం తెల్లవారి కుళాయి వచ్చిన వేళనే రోజూ ఒకే కొలతగా నీరు పోయండి. బియ్యం కడిగిన నీళ్ళు మేలు. సబ్బు నీళ్ళూ, ఉప్పు తగిలిన నీళ్ళూ వద్దు. డబ్బా చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, మట్టి మీద ఎండుటాకులో కొబ్బరిపీచో పరిస్తే వేరు చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఒక పాత పంచె అడ్డం కట్టండి. ఎరువు వేయడం ఇక ఆపవచ్చు. ఇప్పుడు పేడ నీళ్ళు పోస్తే ఆకు పెరుగుతుంది, కాయ ఆలస్యమవుతుంది. పిడికెడు పొయ్యి బూడిద చల్లితే చాలును, అదీ ఇంకా బూడిద దొరికే ఇండ్లలో.

తెల్లదోమ వచ్చి ఆకులు ముడుచుకొని, చెట్టు గిడసబారితే అది ఆకుముడత. దానికి మందు లేదు. వేపనూనె దోమను తగ్గిస్తుంది గాని ముడుచుకొన్న ఆకును విప్పదు. అటువంటి చెట్టును కాయలు కోసికొని పీకివేయడమే ప్రక్కవారి డబ్బాలకు మనం చేసే ఉపకారం. గ్యాలరీ అందరిదీ కాబట్టి దోమ కూడా అందరిదీ.

చెట్టు మీదనే ఎర్రగా పండవలెనని పట్టుబట్టడం ఈ ఎండలో మంచిది కాదు. 30 డిగ్రీలకు పైన కాయలో ఎర్రరంగు సరిగా పుట్టదు, పసుపు నారింజ కలిసి నిలిచిపోతుంది. కొన వద్ద కొంచెం తెలుపు, గులాబీ ఛాయ తిరగగానే కోసి, ఇంట్లో నీడన ఒక అరటిపండుతో కలిపి బుట్టలో మూత పెట్టండి. అరటిపండు విడిచే వాయువు దానిని నాలుగైదు రోజులలో పండిస్తుంది. ఎండలో కిటికీ మీద పెట్టడం పొరపాటు. కాయకు వెలుతురు అవసరం లేదు. రంగు తిరగని గట్టి పచ్చికాయలకు పచ్చిమిర్చి, నువ్వులు కలిపి పచ్చడి తప్ప వేరే గతి లేదు, అంతకన్న మంచి గతి కూడా లేదు. పండినవి మిగిలితే ముక్కలకు ఉప్పు కలిపి రెండు రోజులుంచి, మూడవనాడు పిండి ఎండబెట్టి, ఆ ఊటలో చింతపండు నానబెట్టి, అన్నీ కలిపి రుబ్బి, కారం, మెంతిపిండి, ఇంగువ తాలింపు వేస్తే వానాకాలం దాటిస్తుంది. చింతపండుకూ టమాటాకూ ఉన్న పోటీ ఈ జాడీలో సంధి అయింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ధారావి పునర్నిర్మాణపు టెండరు 2022లో ఖరారైంది. ఆ ప్రణాళికలో మాటుంగా, మాహిం ప్రక్క రైల్వే భూమి 45 ఎకరాలు చేరింది. 2000 సంవత్సరం జనవరి 1కి ముందు నుంచి నేల అంతస్తులో ఉన్నట్టు కాగితమున్నవారికి ఇక్కడే 350 చదరపు అడుగుల ఇల్లు అన్నారు. కానివారిని నగరంలో వేరే చోట్లకు పంపుతారు. 2024లో అందుకోసం దేవనార్ చెత్తదిబ్బలో నూరెకరాలకు పైగా కేటాయించినారు. గది పెద్దదై, పాయిఖానా లోపలికి వస్తుందంటే సంతోషించనివారు లేరు. మా ఇరుగుపొరుగువారిలో కాగితాలు వెదికేవారి ముఖాలు మాత్రం మేము రోజూ చూస్తున్నాము. మట్టి విషయం ఏ కాగితంలోనూ లేదు. పూడ్చిన పల్లంలో మొదలై, మళ్ళీ చెత్తదిబ్బ మీదికే పోవలసిన తెలుగువారికి మా సలహా ఒక్కటే. అక్కడి నేలలో కూరమొక్క నాటవద్దు. మీ డబ్బాను, మీ మట్టిని వెంట తీసికొనిపోండి. డబ్బా సామానులో లెక్క, దాన్ని ఎవరూ అడ్డగించరు.

ఐతే ఈ మట్టిలో వెంటనే టమాటా, వంకాయ, మిరప మళ్ళీ వేయరాదు, ఒకే కుటుంబం గనుక ఒకే రోగాలు. చెట్టు పీకిన పిమ్మట వేర్లు ఏరి, మే నెల ఎండలో మట్టిని పట్టా మీద పరిచి పైన ప్లాస్టిక్ కాగితం కప్పి నాలుగు వారాలు కాల్చండి. వానలకు తోటకూరో, మెంతో చల్లండి. మృగశిర తరువాత ఆ మట్టికి మళ్ళీ ప్రాణం వస్తుంది.

విత్తనం కోసం మొదటి గుత్తులలోని మంచి కాయ నొకటి, నాటు రకానిదే, చెట్టు మీద బాగా పండనిచ్చి ఉంచుకొని ఉండాలి. సంకర రకపు గింజ నాటితే తల్లి పోలిక రాదు. గుజ్జును గింజలతో సహా ఒక గ్లాసులో తీసి, కొద్దిగా నీరు పోసి రెండు మూడు రోజులు పులియనివ్వండి. పైన తెట్టు కట్టి వాసన వస్తుంది, ఇంట్లోవారు గొణుగుతారు, లెక్క చేయవద్దు. గింజ చుట్టూ ఉన్న జిగురు విడిపోయిన పిమ్మట కడిగి, తేలిన తాలుగింజలు పారవేసి, మునిగినవాటిని నీడన ఆరబెట్టి, బూడిదలో పొర్లించి కాగితపు పొట్లం కట్టి, పైన ఊరిపేరూ సంవత్సరమూ వ్రాసి పెట్టండి. నాలుగేండ్ల దాకా మొలుస్తుంది. వినాయక చవితి పోయిన పదిహేను రోజులకు, వాన తగ్గిందో లేదో చూచుకొని, డాల్డా డబ్బా మూతలో నారు పోసికోవచ్చును.